సంతకం లేని మూడు వాక్యాలు

“పీడ విరగడైంది!” అంటూ పెద్దాయన ఒక చెప్పు గుమ్మం బయట, ఒకటి లోపల వదిలేసి తమ్ముడి ఇంట్లోకి వచ్చేశాడు.

ఇంట్లో ఇంకా కాఫీలు కాలేదు. భోజనాల బల్ల దగ్గర కోడలు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. తెర మీద ఉన్న నోటీసును ఆమె లేచినప్పటి నుంచీ చదువుతూనే ఉంది. చదవగా చదవగా అర్థం మారుతుందేమోనన్న ఆశ కాబోలు.

“చూశావా?” అన్నాడు పెద్దాయన. ఆమెతో కాదు, తమ్ముడితో. ఈ గొడవ మొదలైనప్పటి నుంచి ఆయన కోడలితో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఆమెకు చెప్పాలనుకున్నవన్నీ తమ్ముడికో మరదలికో చెబుతాడు. వాళ్లు దొరక్కపోతే గోడ గడియారానికి చెబుతాడు.

“ఏంటి బావగారూ, పొద్దున్నే?” అంది ఇల్లాలు వంటింట్లోంచి తొంగి చూసి.

“శుభవార్తమ్మా, విను.” పెద్దాయన ఫోను కళ్లకు దూరంగా పట్టుకుని చదివాడు. “‘కొత్తకోడలు అనే వాడుకరి, చర్చలో తనకు తానే వత్తాసు పలకడానికి పేరు లేకుండా మరో వేషంలో వచ్చి రాసినట్టు తేలింది. అందువల్ల ఈ వాడుకరిని నిరవధికంగా నిరోధిస్తున్నాం.’ నిరవధికంగా! ఆహా, ఎంత చక్కటి మాట!”

కొత్తకోడలు అన్నది ఆమె పెట్టుకున్న పేరే. ఎవరైనా వచ్చి రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన ఆ విజ్ఞాన సర్వస్వంలో చాలామందికి ఏదో ఒక మారుపేరు ఉంటుంది. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నవ్వులాటకి పెట్టుకున్న పేరు అది. ఇప్పుడు పెదమామగారి నోట అదే పేరు పోలీస్‌స్టేషన్ గోడ మీద అంటించిన పేరులా వినపడింది.

“నేను రాయలేదు,” అంది కోడలు.

“మరి ఎవరు రాశారట? దయ్యాలా?” అన్నాడు పెద్దాయన గడియారంతో.

“తెలీదు పెదమామయ్యగారూ. నేను మాత్రం రాయలేదు.”

“ఇంటి కనెక్షన్ నంబరే పట్టిచ్చిందటగా! ఈ ఇంట్లో ఆ రాతల పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకడు మా తమ్ముడు. వాడు రాసిందేదో తన పేరుతో, అందరికీ కనపడేలా, నాన్న వైపు రాశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఇక మిగిలిందెవరు?”

ఇంటి యజమాని, అంటే చిన్నాయన, నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. ఊళ్లో కళ్లజోళ్ల దుకాణం ఆయనది. ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూడటమే ఆయన వృత్తి. ఈ పూట మాత్రం ఆయన చూపు బల్ల మీద గీతలు దాటి పైకి రాలేదు.

“మీరు చెప్పేది వింటుంటే ఆ పిల్లేదో హత్య చేసినట్టుంది,” అంది ఇల్లాలు.

“చెయ్యలేదా? నాన్న పేరు పెడతామన్న వడ్రంగం శిక్షణ కేంద్రం సంగతి నీకు తెలీదా? మడత బల్ల కనిపెట్టింది ఆయనేనని ఆ సర్వస్వంలో చదివే కదా కమిటీవాళ్లు ముందుకొచ్చారు! ఆ వాక్యం పక్కన ఈవిడగారు ‘ఆధారం కావాలి’ అని ముద్ర కొట్టింది. అది చూసి వాళ్లు వెనక్కి తగ్గారు. బోర్డు కూడా రాయించేశారమ్మా. ఇప్పుడు పేరున్న చోట కాగితం అంటించి ఉంచారు. వెళ్లి కళ్లారా చూసొచ్చాను. మా నాన్న పేరు మీద కాగితం!”

చివరి మాటకి పెద్దాయన గొంతు జీరపోయింది. అరిచినంతసేపూ ఎవరికీ ఏమీ అనిపించలేదు కానీ, ఆ జీరకి ఇల్లాలు కూడా తల దించుకుంది.

కోడలు మెల్లగా అంది. “తాతగారు కనిపెట్టలేదని నేనెక్కడా రాయలేదు. కనిపెట్టారనడానికి ఆధారం కావాలన్నాను. రెండూ ఒకటి కాదండీ.”

“ఒకటే! నడిరోడ్డు మీద నన్ను ఆపి, నీ తండ్రి నీ తండ్రేనని ఆధారం చూపించమంటే, అడిగినవాణ్ణి ఏం చేస్తానో నాకు తెలుసు.”

ల్యాప్‌టాప్ తెర దానంతట అదే ఆరిపోయింది. కోడలు ఒక మీట నొక్కి మళ్లీ వెలిగించింది. అదే నోటీసు.

అప్పుడు పెద్దాయన ఇన్నాళ్లకి మొదటిసారి నేరుగా ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు కాదంటున్నావు. సరే. అయితే వాడా? ఆదివారం వాడు ఇంట్లోనే ఉన్నాడుగా? పెళ్లాన్ని వెనకేసుకొచ్చి, నేను ఎత్తుకు పెంచిన నా తమ్ముడి కొడుకే మా నాన్న మీద రాశాడా? అదే నిజమైతే చెప్పు. వాడు మళ్లీ నా గడప తొక్కక్కర్లేదు.”

కోడలు నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆ మూయడం చిన్నాయన చూశాడు. దాని అర్థం అప్పుడు ఆయనకి తట్టలేదు.

“మామయ్యగారూ,” అంది ఆమె కాసేపటికి. “మీరైనా చెప్పండి. నేను దొంగచాటుగా రాసే మనిషినా?”

“కంగారుపడకమ్మా. చూద్దాం,” అన్నాడాయన.

చూద్దాం అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, పిరికివాళ్లకి అంత మేలు చేసినవాళ్లు ఇంకొకరు లేరు. ఆ ఒక్క మాట పట్టుకుని చిన్నాయన లేచి, తాళాల గుత్తి తీసుకుని, కాఫీ కూడా తాగకుండా దుకాణానికి బయలుదేరాడు. వెనకనుంచి అన్నయ్య గొంతు వినపడింది. “ఇప్పుడైనా ఆ ముద్ర పీకి పారెయ్యరా. సాయంత్రంలోగా.”

వీధి మలుపు తిరిగేదాకా ఆయన కాళ్లు వేగంగానే నడిచాయి. ఆ తర్వాత వేగం తగ్గింది. ఎంత దూరం వెళ్లినా ఒక సంగతి మారదు. పేరు లేకుండా ఆ మూడు వాక్యాలూ రాసింది ఆయనే.

* * *

సర్వస్వంలో చిన్నాయన పేరు భూతద్దం. పదిహేనేళ్లుగా అక్కడ రాస్తున్నాడు. కొత్తగా వచ్చేవాళ్లకి ఓపిగ్గా నేర్పుతాడని అక్కడివాళ్లలో మంచి పేరు. ఇంట్లో మాత్రం ఆ పనికి జీతం లేని ఉద్యోగమని పేరు.

కోడలికి నేర్పింది దుకాణం వెనక గదిలో, అద్దాల అంచులు అరగదీసే యంత్రం పక్కన. ఆమె అంతకుముందు ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. పెళ్లితో ఊరు మారి, కొత్త ఉద్యోగం కోసం చూస్తూ, ఇంట్లో పొద్దుపోక అవస్థపడుతుంటే ఆయనే పిలిచాడు.

“నీకు తెలిసింది రాయకూడదమ్మా. ఎక్కడో అచ్చైంది రాయాలి.”

“అంటే తెలిసినవాళ్లకి అక్కడ పనిలేదన్నమాట!”

“ఉంది. తెలిసినవాళ్లయితే అచ్చైంది ఎక్కడుందో తొందరగా వెతుకుతారు.”

ఆమె నవ్వింది. ల్యాబులో చేసిన చెయ్యి కదా, పని తొందరగా పట్టుకుంది. మొదటి వారంలో ఆమె రాసిన పేరా మొత్తాన్ని ఎవరో ఎత్తేస్తే ఏడుపు మొహంతో వచ్చింది. రెండో వారంలో ఇంకెవరి పేరానో తనే ఎత్తేసి, ఎందుకు ఎత్తేసిందో వాళ్లకి మర్యాదగా రాసి, ఆ జవాబు ఆయనకి చూపించింది. ఇంత బాగా రాయడం తనకి అయిదేళ్లకి గానీ రాలేదని ఆయన మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం, “ఫర్వాలేదు” అన్నాడు. ఆ రోజే పైకి అని ఉండాల్సింది.

“ఆధారం దొరికితే చాలదు,” అని ఒకరోజు చెప్పాడు. “ఏది ముందు పుట్టిందో చూడాలి. మన వ్యాసం చూసి పత్రికవాడు రాస్తాడు. పత్రిక చూపించి మనం వ్యాసానికి ఆధారం అంటాం. ఇద్దరం ఒకరి భుజం మీద ఒకరం ఎక్కి నిలబడినట్టు. కింద నేలే ఉండదు.”

ఇంకో మాట కూడా చెప్పాడు. “ఎప్పుడూ నీ పేరుతో లోపలికి వచ్చాకే రాయి. మర్చిపోయి బయటనుంచి రాస్తే, పేరు బదులు ఇంటి కనెక్షన్ నంబరు పడుతుంది. అది అందరికీ కనపడుతుంది.”

అప్పుడే ఆమె అడిగింది, తామిద్దరూ ఒకే ఇంటివాళ్లమని తన పేజీలో రాసుకోనా అని. అలా రాసుకోవాలని అక్కడ నియమం కూడా ఉంది. “ఇప్పుడే వద్దులేమ్మా, కోడలికి మామగారి దన్ను అంటారు,” అన్నాడు. ఆమె సరేనంది. గురువు వద్దన్నాక ఆమెకి ఇంకో ఆలోచన ఎందుకొస్తుంది?

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె దాదాపు పరుగున దుకాణానికి వచ్చింది. చీర కుచ్చిళ్లకి దుమ్ము. మొహం వెలిగిపోతోంది.

“మామయ్యగారూ, మీరు పట్టుబడ్డారు!”

మడత బల్ల వ్యాసం ఆయనదే. చేరిన మొదటి నెలలో, నియమాలేవీ తెలియని రోజుల్లో రాశాడు. బడి పిల్లల ముందు తెరుచుకుని, పని అయ్యాక మడిచి గోడకి చేర్చే ఆ బల్లని తొలుత తయారు చేసింది తమ తండ్రేనని రాశాడు. నాన్నగారని చెప్పలేదు, పేరు మాత్రం రాశాడు. తర్వాత రెండేళ్లకి ఒక పత్రికలో ఆ సంగతి వచ్చింది. సంతోషపడి, ఆ పత్రికనే ఆధారంగా తగిలించాడు.

“ఆ బల్లకి మూడు మడతబందులుంటాయని మీరు రాశారు. పత్రికవాళ్లూ మూడే అని రాశారు. ఇందాక పెదమామయ్యగారి వడ్రంగం కార్ఖానాకి వెళ్లి, తాతగారు చేసిన బల్ల కిందకి దూరి లెక్కపెట్టాను. నాలుగు! మీ పొరపాటు కూడా వాళ్లు ఎత్తి రాసేసుకున్నారు. మీరు చెప్పినట్టే! కింద నేలే లేదు!”

ఆ క్షణాన ఆయన పడీపడీ నవ్వాడు. నేర్పినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆమె కూడా నవ్వుతూ, “ముద్ర కొట్టేశాను మరి,” అంది. నవ్వు అప్పుడు ఆగింది.

నాన్న ఎప్పుడో భోజనం చేస్తూ, “ఆ మడత నాదేరా” అన్నాడు. ఆ మాట చిన్నాయనకి చెవుల్లో ఉంది. కనిపెట్టానని అన్నాడా, ఉన్నదాన్ని బాగు చేశానని అన్నాడా, ఆ రోజు కార్ఖానాలో చేసిన ఒక బల్ల గురించి అన్నాడా? రాసేటప్పుడు అనుమానమే రాలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాడు లేడు.

అన్నయ్య వచ్చి దుకాణంలో కుర్చీ వెనక నిలబడ్డ రోజున, భూతద్దం పేరుతో చర్చలో రాశాడు. “పత్రికలో వచ్చిన విషయమే కాబట్టి ఉంచవచ్చు.” కోడలు అది చదివింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, “మీరు అలా ఎందుకు రాశారో నాకు అర్థమైంది మామయ్యగారూ,” అంది. క్షమించేసినట్టు అంది. అది ఆయనకి మరీ గుచ్చుకుంది.

అందుకే ఆదివారం, ఇంట్లో అంతా కునుకు తీస్తున్న వేళ, ఇంటి కంప్యూటర్ ముందు కూర్చుని తన పేరులోంచి బయటికొచ్చాడు. మూడు వాక్యాలు రాశాడు. “కొత్తకోడలు చెప్పింది సరైనదే. ఆ పత్రిక ఈ వ్యాసాన్ని చూసే రాసింది. అంతకుముందు దీనికి ఎక్కడా ఆధారం లేదు.” నంబరు పడుతుందని తెలుసు. పడితే పడనీ, అంకెలే కదా, ఎవరు చూస్తారనుకున్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ సాయంత్రం ఆయనకి ఆకలేసింది.

తను ఎప్పుడూ దుకాణం నుంచే రాస్తాడని, ఇంటి నంబరు నుంచి రోజూ రాసేది కోడలొక్కతేనని మాత్రం ఆయనకి తట్టలేదు. పేరున్నవాళ్ల నంబర్లు కూడా చూడగల నిర్వాహకులకి తట్టింది.

ఈ పూట దుకాణం తెరిచి చూస్తే, తాళంచెవి అనే నిర్వాహకుడి కబురు సిద్ధంగా ఉంది. నిరోధం విధించింది ఆయనే. మంచి మనిషే, నియమాల మనిషి. “భూతద్దం గారూ, ఆమెకు నేర్పింది మీరు. ఆమె అలా చేసి ఉండదని మీకు అనిపిస్తే, కారణం ఆమె చర్చా పేజీలో రాయండి. మీ మాట మీద నిరోధం ఎత్తేస్తాను. లేకపోతే రేపటితో ఇది ముగిసినట్టే.”

“ఆమె అలాంటిది కాదు,” అని రాసి చెరిపేశాడు. అలాంటిది కాకపోతే ఆ ఇంట్లోంచి రాసిందెవరని అడుగుతారు. చెప్పాలి. పేరుతో అబద్ధం రాశాను, పేరు లేకుండా నిజం రాశానని చెప్పాలి. పదిహేనేళ్ల భూతద్దం అక్కడితో సరి. ఇక ఇక్కడ, తండ్రి పోయాక తండ్రైన అన్నయ్య ముందు నిలబడి ఈ మాట ఎలా అనాలి?

“ఏమండీ, ఇందులో అక్షరాలు ఇంకా మసగ్గానే ఉన్నాయి,” అన్నాడు ఎదురుగా కూర్చున్న ముసలాయన.

చిన్నాయన చూస్తే, ఆయనకి పెట్టిన అద్దం ఇంకెవరిదో.

* * *

మధ్యాహ్నం కోడలు వచ్చింది. దుకాణంలో ఇంకెవరూ లేరు. ఎప్పుడూ వెనక గదిలోకి నేరుగా వెళ్లే మనిషి, బేరానికొచ్చిన మనిషిలా కౌంటర్ ఇవతలే నిలబడింది.

“లోపలికి రామ్మా.”

“ఫర్వాలేదు. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. తాళంచెవిగారు మిమ్మల్ని రాయమన్నారట. మీ పేజీలో చూశాను.”

“అవును.”

“రాశారా?”

“ఆలోచిస్తున్నాను. ఎలా రాస్తే బావుంటుందా అని.”

ఆమె తల ఊపింది. కౌంటర్ మీద ఎవరో వదిలేసిన ఫ్రేమును తీసుకుని, దాని చేతులు మడిచింది, విప్పింది.

“అది ఎవరు రాశారో నాకు తెలుసు మామయ్యగారూ.”

చిన్నాయనకి భయమేసింది. భయం వెనకాలే, అమ్మయ్య, తెలిసిపోయింది, ఇక నేను చెప్పక్కర్లేదన్న ఊరట కూడా వచ్చింది. సిగ్గుపడాల్సిన ఊరట.

“మీ అబ్బాయే,” అంది ఆమె.

ఆయన బిల్లుల పుస్తకం తెరిచి, మళ్లీ మూశాడు.

“ఆదివారం ఇంట్లో ఉన్నదెవరు? మీరు, నేను, అత్తయ్యగారు, ఆయన. అత్తయ్యగారికి ఆ పేజీ ఎక్కడుందో కూడా తెలీదు. మీరు మీ పేరుతో రాసింది అందరూ చూశారు. నాకు సాయం చేద్దామని ఆయన రాసి ఉంటారు. పాపం, నియమాలు తెలీవు కదా. సోమవారం తాళంచెవిగారు ‘ఇది మీరేనా’ అని అడిగినప్పుడే, ఆయన వారమంతా డ్యూటీలో ఉండే పవర్‌హౌస్‌కి ఫోన్ చేసి అడిగాను. కాదన్నారు. మళ్లీ అడిగాను. కాదన్నారు. మూడోసారి అడిగితే, నా మీద నమ్మకం లేనప్పుడు ఎందుకు అడుగుతావని పెట్టేశారు. అప్పట్నుంచీ మాటల్లేవు.”

“వాడు రాసి ఉండడమ్మా.”

“అయితే ఎవరు?”

అడిగింది. అంతే, చాలా మామూలుగా అడిగింది. గోడకున్న అద్దాల అరల్లో అన్నిట్లోనూ చిన్నాయన మొహమే ఉంది. ఎటు తిప్పినా తన మొహమే.

“ఎవరో... కనెక్షన్‌లో ఏదైనా పొరపాటు... అలాంటివి జరుగుతుంటాయి,” అని నీళ్లు నమిలాడు.

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీరు మీ అబ్బాయిని కాపాడుతున్నారు. అది తప్పని నేనను. ఆయన రాసినందుకు నాకు కోపం లేదు మామయ్యగారూ. నిజానికి సంతోషంగా ఉంది. ఈ ఇంట్లో ఒక్కరైనా నా వైపు ఉన్నారని. రాసి, నాతోనే అబద్ధం ఆడితే ఎలా? నాతో?”

అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. నీ వైపు ఉన్నది నేనమ్మా అంటే సరిపోయేది. ఆ మాట తర్వాత ఆమె మొహం ఎలా మారుతుందో చూడలేక, చిన్నాయన జేబురుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

“మీరు రాయండి,” అంది ఆమె వెళ్తూ. “నేను కాదని ఒక్క ముక్క రాయండి చాలు. మీ పేరుకి అక్కడ విలువుంది.”

ఫ్రేమును జాగ్రత్తగా దాని చోట పెట్టి మరీ వెళ్లింది.

* * *

ఆ మధ్యాహ్నం ఇక ఎవరికీ కళ్లజోడు అమరలేదు. పొద్దు వాలకముందే చిన్నాయన షట్టర్ దించేశాడు.

దారిలో అన్నయ్య ఫోను. ఎత్తలేదు. మళ్లీ ఫోను. ఎత్తలేదు. అన్నయ్య ఫోను ఎత్తకపోవడం ఆయన జన్మలో ఇదే మొదలు. ప్రాణం గిలగిల్లాడింది గానీ, ఎత్తలేదు.

ఇంట్లో ఇల్లాలు బట్టలు మడతపెడుతోంది. “కోడలు పొద్దుటినుంచీ అన్నం ముట్టలేదు. గదిలో ఉంది. ఏం చేస్తారో మీరే చెయ్యండి. నేర్పినవాళ్లు మీరేగా,” అంది. విసుగుతో అనలేదు. అలిసిపోయి అంది.

ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా హాల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. భూతద్దం పేరుతో లోపలికి వెళ్లాడు. ఒకటికి రెండుసార్లు పేరు సరిచూసుకున్నాడు. కోడలి చర్చా పేజీ తెరిచి రాయడం మొదలుపెట్టాడు.

ఇన్నేళ్లలో ఎన్ని వేల వాక్యాలు రాసి ఉంటాడు! ఒక్కటీ ఇంత బరువుగా లేదు. “ఆ మూడు వాక్యాలు నావి,” అని మొదలుపెట్టాడు. “కొత్తకోడలు నా కోడలు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆ సంగతి తన పేజీలో రాసుకుంటానంటే నేనే వద్దన్నాను. మడత బల్ల వ్యాసంలో ఉన్న పేరు మా నాన్నగారిది. ఆ వ్యాసం ఆధారం లేకుండా రాసింది నేను. నా పేరుతో చర్చలో రాసిన మాట నేను నమ్మి రాసింది కాదు.” అక్కడ ఆగాడు. నాన్న గుర్తొచ్చాడు. బోర్డు మీద అంటించిన కాగితం గుర్తొచ్చింది. ఇంకో వాక్యం రాశాడు. “ఆమె నేను నేర్పినట్టే చేసింది. నేనే చెయ్యలేదు.”

భద్రపరచే మీట నొక్కాడు.

పేజీ ఒక్క క్షణం తెల్లబడి, తిరిగి వచ్చింది. ఆయన రాసింది అందులో చేరలేదు. పైన ఒక హెచ్చరిక కనపడింది. మీరు రాస్తుండగా ఈ పేజీని వేరొకరు మార్చి భద్రపరిచారు. ఇలాంటిది ఆయనకి కొత్త కాదు. ఒకే పేజీలో ఒకే సమయానికి ఇద్దరు రాస్తే ముందు నొక్కినవాళ్లది నిలుస్తుంది, రెండోవాళ్లు మళ్లీ చూసుకుని రాసుకోవాలి. దీన్ని చూసి కంగారుపడొద్దని ఎంతమందికి నేర్పాడో.

కింద ఆయన రాసింది ఉంది. పైన, అప్పుడే నిలిచిన మాటలు ఉన్నాయి. నిరోధంలో ఉన్నవాళ్లకి కూడా తమ చర్చా పేజీలో మాత్రం రాసుకునే వీలుంటుంది.

“పేరు లేకుండా రాసిన ఆ మాటలు నావే. తప్పు ఒప్పుకుంటున్నాను. నా ఇంట్లో ఇంకెవరికీ, నాకు నేర్పినవారికీ ఇందులో ప్రమేయం లేదు. దయచేసి వారిని ఏమీ అడగవద్దు. — కొత్తకోడలు.”

చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. కోడలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టకముందే ఆమె తీసింది. చేతిలో ఫోను.

“అయిపోయింది మామయ్యగారూ,” అంది. మొహం కడుక్కున్నట్టుంది, చెంపల దగ్గర జుట్టు తడిగా ఉంది. “మీకింక ఇబ్బంది లేదు. పెదమామయ్యగారు కూడా ఇక మీ అబ్బాయిని ఏమీ అనలేరు. నా మీద కోపం ఎలాగూ ఉన్నదే కదా.”

“ఎందుకమ్మా అలా రాశావు? అబద్ధం కదా అది!”

“అబద్ధమే.” ఆమె నవ్వబోయింది. “మొదటిసారి ఆధారం లేకుండా రాశాను. ఎంత తేలికో. ఎవరూ ఆధారం అడగరు కూడా.”

హాల్లో ఇల్లాలు మడతపెడుతున్న బట్టలు ఒళ్లో పెట్టుకుని వింటోంది. చిన్నాయన గుమ్మం పట్టుకున్నాడు.

“అది రాసింది వాడు కాదు. నేను.”

కోడలు ఆయన్ని చూసింది.

“ఆదివారం. మీరంతా పడుకున్నప్పుడు. నీ వైపు ఒక మాట ఉండాలనిపించి రాశాను. పేరు పెట్టే ధైర్యం చాల్లేదు.”

లోపల ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఆమె కళ్లు ఒకటి రెండుసార్లు కదిలాయి.

“పొద్దున పెదమామయ్యగారు మీ అబ్బాయిని గడప తొక్కనివ్వనన్నప్పుడు మీకు తెలుసు.”

“తెలుసు.”

“మధ్యాహ్నం నేను దుకాణానికి వచ్చి, ఆయన నాతో అబద్ధం ఆడుతున్నారని ఏడ్చినప్పుడు?”

“తెలుసమ్మా.”

అరిస్తే బావుండుననుకున్నాడు. తిడితే బావుండుననుకున్నాడు. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. ఆమె కళ్లలో ఇన్నాళ్లూ తన కోసం ఉన్నదేదో మెల్లగా సర్దుకుని వెళ్లిపోతుంటే, ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఒక్కరోజు ముందు చెప్పి ఉంటే. ఆ మధ్యాహ్నం చెప్పి ఉన్నా సరిపోయేది.

“వెళ్లి కంప్యూటర్లో సరిచేస్తాను. నీది చెరిపి, నాది పెడతాను,” అన్నాడు.

“అది తర్వాత.”

ఆమె ఫోనులో ఒక నంబరు నొక్కి, తన చెవి దగ్గర పెట్టుకోకుండా ఆయన చేతికిచ్చింది. “ముందు ఆయనకి చెప్పండి.”

అవతల మోగుతోంది. చాలాసేపు మోగింది. ఎత్తడేమో అనుకుంటుండగా ఎత్తాడు. వెనక యంత్రాల హోరు. భార్యే అనుకున్నాడు అబ్బాయి. గొంతులో కోపం లేదు, నిద్రలేనితనం ఉంది.

“చెప్పు. ఇంకా నేనే రాశానంటావా? నా మాట నమ్మకపోతే పోనీ, నాన్నని అడుగు. నేను అలాంటి పని చెయ్యనని ఆయన చెబుతాడు.”